వాపు ఏది, బలుపు ఏది: షేరును పదేళ్ల లాభంతో తూచడం గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ఒక ఉక్కు కంపెనీ షేరు దాని లాభానికి ఆరు రెట్ల ధరకే దొరుకుతోందనీ, సబ్బులు తయారుచేసే మరో కంపెనీ షేరుకు ముప్పై రెట్లు పెట్టవలసి వస్తోందనీ, అటువంటప్పుడు ఉక్కు షేరు చవక కాదని నేను ఎందుకన్నానో వివరంగా చెప్పమనీ అడిగారు. ఫోనులో చెప్పబోతే లెక్క సగంలోనే మాట పక్కదారి పట్టింది కనుక ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. ఇందులో కూడికకూ భాగహారానికీ మించిన గణితం లేదు.

షేరు ధరను ఒక్కో షేరు వంతుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే అంకెనే పీఈ అంటారని మీకు తెలుసు. పైనున్న ధర గురించి ఎవరికీ సందేహం ఉండదు, బజారు రోజూ చెబుతూనే ఉంటుంది. చిక్కంతా కిందనున్న లాభంతోనే. అది గత పన్నెండు నెలలది మాత్రమే. మనం షేరు కొనేటప్పుడు ఒక్క ఏడాది లాభాన్ని కొనడం లేదు, ఆ కంపెనీ ఇకముందు ఎన్నో ఏళ్లపాటు సంపాదించబోయే దాంట్లో వాటా కొంటున్నాం. మరి ఆ ఒక్క ఏడాది మిగతా ఏళ్లకు తగిన ప్రతినిధి అవునా కాదా అని ఎవరు చూశారు?

ఉక్కు వంటి వ్యాపారంలో అది సాధారణంగా కాదు. కారణం చూడండి. టన్ను ఉక్కు అమ్మితే 100 వస్తోందనీ, కొలిమి, కూలి, వడ్డీ, ముడిసరుకు అన్నీ కలిపి 90 ఖర్చవుతోందనీ, 10 మిగులుతోందనీ అనుకుందాం. ఉక్కు ధర పది శాతం పెరిగి 110 అయిందంటే, ఖర్చు పెద్దగా కదలదు కాబట్టి, మిగులు 20 అవుతుంది. అంటే ధర పదో వంతు పెరిగితే లాభం రెట్టింపయింది. అదే ధర పది శాతం పడి 90కి వస్తే లాభం సున్నా. సిమెంటు, చక్కెర, ముడి చమురు, ఓడల రవాణా, కార్ల తయారీ, అన్నింటిదీ కొంచెం అటూ ఇటూగా ఇదే స్వభావం. అందువల్ల మంచి రోజులు పరాకాష్ఠకు చేరినప్పుడు లాభం ఉబ్బిపోయి పీఈ చిన్నదిగా కనబడుతుంది. చెడ్డరోజుల అడుగున లాభం హరించుకుపోయి పీఈ భయపెట్టేంత పెద్దదిగా కనబడుతుంది. కొనవలసినప్పుడు వద్దంటుంది, వద్దనవలసినప్పుడు కొనమంటుంది. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో, పీఈ అయిదుకే వస్తోందని సంబరపడి అటువంటి షేరొకటి కొన్నాను. రెండేళ్లు తిరక్కుండా కంపెనీ నష్టంలో పడింది, నా డబ్బు మూడో వంతు మిగిలింది. వాపును చూసి బలుపనుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసివచ్చింది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. అమెరికాలో పెట్టుబడి పండితులు బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ 1934లోనే, మహామాంద్యం గాయాలు ఆరకముందే, కంపెనీ సంపాదన శక్తిని కొలవాలంటే కనీసం అయిదేళ్ల సగటు, వీలైతే ఏడు లేదా పదేళ్ల సగటు తీసుకోవాలని రాశారు. పదేళ్లలో సాధారణంగా ఒక మంచికాలం, ఒక గడ్డుకాలం రెండూ వచ్చిపోతాయి గనుక సగటు తీసినప్పుడు ఒకదాని అతిని మరొకటి సరిచేస్తుంది. తరవాత ఆర్థికవేత్తలు జాన్ కాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో దీనికి ఇంకొక మెట్టు చేర్చారు. పాత ఏళ్ల లాభాలను ఉన్నవి ఉన్నట్టు కూడకుండా, ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈనాటి డబ్బులోకి మార్చి, అప్పుడు సగటు తీశారు. ఆ సగటుతో ధరను భాగిస్తే వచ్చేదాన్నే నేడు కేప్ అనీ, షిల్లర్ పీఈ అనీ అంటున్నారు.

మార్చడం ఎందుకంటారా? అమెరికా వినియోగదారుల ధరల సూచీ 1972లో సగటున 41.8 ఉండగా 1982 నాటికి 96.5కి చేరింది. 1972లో ఒక డాలరుకు వచ్చిన సామాను 1982లో కొనాలంటే దాదాపు 2.31 డాలర్లు కావాలి. కాబట్టి 1972లో సంపాదించిన డాలరునూ 1982లో సంపాదించిన డాలరునూ పక్కపక్కన పెట్టి కూడడమంటే మైళ్లనూ కిలోమీటర్లనూ కలిపి దూరం చెప్పడమే. ధరలు నెమ్మదిగా పెరిగే కాలంలో ఈ తేడా అంతగా కనబడదు గానీ, పదేళ్లకు అదీ తక్కువేమీ కాదు.

ఇప్పుడు మీ ఉక్కు కంపెనీని చేతిలోకి తీసుకుందాం. సులువు కోసం అంకెలు నేను ఊహించినవి. పదేళ్లలో షేరుకు వచ్చిన లాభం వరుసగా 4, 6, 9, 3, అయిదో ఏట 2 నష్టం, ఆపైన 1, 5, 8, 11, 15. ఆ ఏళ్లలో ధరల సూచీ వరుసగా 100, 103, 106, 109, 112, 115, 119, 123, 127, 130. మొదటి ఏటి 4ను 130తో గుణించి 100తో భాగిస్తే 5.2 వస్తుంది, రెండో ఏటి 6ను 130తో గుణించి 103తో భాగిస్తే 7.57, ఇలా చివరిదాకా చేయండి. నష్టం వచ్చిన ఏడాదిని కూడా వదలకూడదు, అది మైనస్ 2.32గా మొత్తంలోకి చేరాలి. నష్టం మామూలుగా వచ్చేది కాదని దాన్ని పక్కన పెట్టేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు మంచి ఏటిని మాత్రం మామూలు కాదని ఎప్పుడూ పక్కన పెట్టరు. మొత్తం 66.4 వస్తుంది, సగటు 6.64.

షేరు ధర 90 అనుకోండి. చివరి ఏటి లాభం 15తో భాగిస్తే మీరు రాసిన ఆరే వస్తుంది. పదేళ్ల సగటుతో భాగిస్తే 13.6 వస్తుంది. అంటే ఆరు రెట్లకు వచ్చిందని మీరు మురిసిన షేరుకు నిజానికి పదమూడున్నర రెట్లు పెడుతున్నారు. అది మరీ ఎక్కువ కాకపోవచ్చు, చవక మాత్రం కాదు. ద్రవ్యోల్బణం సంగతి మరిచిపోయి ఉత్త సగటే తీసివుంటే 6 వచ్చి, ధర దానికి 15 రెట్లుగా తేలేది. అది కంపెనీ పాత సంపాదనను తక్కువచేసి చూడడం అవుతుంది.

అదే షేరు ఆరో ఏట, లాభం 1 ఉన్నప్పుడు, 40కి దొరికిందనుకుందాం. పీఈ 40! ఎవరూ కన్నెత్తి చూడరు. కానీ ఇందాకటి పదేళ్ల సగటును ఆ ఏటి డబ్బులోకి మారిస్తే 5.87 వస్తుంది. 40ని దానితో భాగిస్తే ఏడు రెట్లు కూడా లేదు. తరవాతి నాలుగేళ్లు ఎలా ఉంటాయో ఆనాడు ఎవరికీ తెలియదు కదా అంటారు, నిజమే. అందుకే వెనకటి పదేళ్లు చూస్తాం. ఈ వ్యాపారం ఇంతకుముందు ఎలా లేచి ఎలా పడిందో అవి చెబుతాయి, అంతకుమించి వాటినుంచి ఆశించకూడదు.

ఇది కాగితం మీది ఉక్కు కంపెనీకే పరిమితమైన వింత కాదు. 2008 చివరి మూడు నెలల్లో అమెరికాలోని అయిదువందల పెద్ద కంపెనీల సూచీ, ఎస్ అండ్ పీ 500, మొత్తం మీద నష్టం చూపించింది. దాంతో 2009లో ధరలు కుప్పకూలి ఉన్న సమయంలోనే ఆ సూచీ మామూలు పీఈ 100 దాటిపోయింది. అది నమ్మినవాడికి అప్పుడు బజారు అతి ఖరీదుగా కనబడాలి. 2009 మార్చిలో కేప్ మాత్రం సుమారు 13. ఒకే బజారు గురించి రెండు కొలతలు చెప్పిన మాటల్లో ఏది నిలిచిందో తరవాతి పదేళ్లు చూపించాయి.

అయితే ఈ కొలతకు కాలజ్ఞానం అంటగట్టకండి. 1996 డిసెంబరు మొదట్లో షిల్లర్, కాంప్‌బెల్ అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు పెద్దల ముందు షేర్ల ధరలు మితిమీరాయని వాదించారు. అప్పటికి కేప్ 28 దగ్గర ఉంది, ఎస్ అండ్ పీ 500 సూచీ 750 దరిదాపుల్లో ఉంది. వారి మాట విని అమ్మేసినవాడు ఆపై మూడేళ్లకు పైగా పళ్లు నూరుకుంటూ కూర్చోవలసి వచ్చింది. 2000 మార్చిలో సూచీ 1,527కి చేరింది. అప్పుడు పడడం మొదలుపెట్టి 2002 అక్టోబరులో 776కీ, 2009 మార్చిలో 676కీ దిగింది. పన్నెండేళ్ల తరవాత 1996 నాటికన్నా కింద! (మధ్యలో వచ్చిన డివిడెండ్లను ఇక్కడ కలపలేదు.) ఎక్కువ ధర పెట్టినవాడికి దీర్ఘకాలంలో తక్కువ ప్రతిఫలమే దక్కుతుందని కేప్ చెప్పగలదు, ఎప్పుడన్నది చెప్పలేదు. వచ్చే ఏడాది గురించి నిర్ణయించడానికి దాన్ని వాడేవారు దాని చేత కానిపని అడుగుతున్నారనే నా అభిప్రాయం.

ఇంకో లోపం లెక్కల పుస్తకాల్లో ఉంది. మరో కంపెనీని కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకు మించి చెల్లించిన సొమ్మును, ఆ కంపెనీ విలువ పడిపోయిందని తేలితే ఒక్కసారిగా నష్టంగా రాసేయాలని ఈ శతాబ్దం మొదట్లో అమెరికా అకౌంటింగ్ నియమాలు మారాయి. విలువ పెరిగితే మాత్రం లాభంగా రాసుకోనివ్వరు. ఏఓఎల్ టైమ్ వార్నర్ అనే ఇంటర్నెట్, మీడియా కంపెనీ 2002లో దాదాపు 9,900 కోట్ల డాలర్ల నష్టం చూపించింది, అందులో ఎక్కువ భాగం ఇటువంటి రాతల వల్ల వచ్చిందే. ఆ ఒక్క నష్టం సూచీ లాభాల సగటును పదేళ్లపాటు కిందికి లాగింది. పదేళ్లు నిండి ఆ ఏడాది లెక్కలోంచి జారిపోగానే, వ్యాపారాల్లో కొత్తగా ఏ మంచీ జరగకపోయినా సగటు మెరుగుపడింది. జెరెమీ సీగెల్ వంటి ఆర్థికశాస్త్ర ఆచార్యులు కేప్‌ను విమర్శించేటప్పుడు ముందు పట్టుకునేది ఈ సంగతినే, అందులో న్యాయముంది.

సూచీని వదిలి ఒక్క కంపెనీ దగ్గరికి వస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. షేరును రెండుగా విడగొట్టి ఉంటే, లేదా ఉన్న ప్రతి షేరుకు ఒకటి చొప్పున బోనస్ ఇచ్చి ఉంటే, అంతకు ముందటి ఏళ్ల లాభాలన్నీ సగం చేసుకోవాలి. ఇది మరిచిపోతే సగటు ఉట్టినే ఉబ్బుతుంది. నిలకడగా ఎదిగే కంపెనీకి ఈ కొలత అన్యాయం చేస్తుంది. లాభం ద్రవ్యోల్బణం పోను ఏటా 20 శాతం చొప్పున పెరిగిన కంపెనీకి పదేళ్ల సగటు చివరి ఏటి లాభంలో సగమే ఉంటుంది. కనుక దాని పీఈ 20 అయితే కేప్ 40గా కనబడుతుంది. ఆ కంపెనీలో ఎగుడుదిగుళ్లేమీ లేవు, సగటు వెనకబడి నడుస్తోంది, అంతే. మీ సబ్బుల కంపెనీ ముప్పైని ఈ దృష్టితోనే చూడాలి. దాన్ని ఉక్కు కంపెనీ పదమూడున్నర పక్కన పెట్టి పోల్చవద్దు. దాని సొంత గతంతో, అటువంటి సరుకే అమ్మే ఇతరులతో పోల్చండి. ఇక పాత వ్యాపారాన్ని అమ్మేసి కొత్తదానిలోకి దిగిన కంపెనీ అయితే పదేళ్ల లాభాలు వేరే ఇంటివారి జాతకమే, ఆ లెక్క వేయడమే దండగ.

మీ ఉక్కు కంపెనీ వార్షిక నివేదికలు ఆరేళ్లవే దొరికాయని చివర్లో రాశారు. ఆ ఆరేళ్లూ మంచికాలమే అయివుంటే వాటి సగటు చివరి ఏటి అంకెకన్నా పెద్ద నయమేమీ కాదు. కనుక ముందటి నాలుగేళ్ల నివేదికలు కూడా సంపాదించండి. షేరుకు లాభం, మొత్తం షేర్ల సంఖ్య, ఆ ఏటి ధరల సూచీ, ఈ మూడూ ఏడాదికొక వరుస చొప్పున రాసి పంపండి. నష్టం వచ్చిన ఏటి పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి, నా చూపు ఇప్పుడు మైనస్ గీతలను పట్టడం లేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య