పండుగప్ప తల్లి ఏ చెరువులో ఉంది?

నాగాయలంక

చిరంజీవులు చిట్టికి, నానికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు చెరువు గట్టున కూర్చుని ఉండగా నేను హాపాలోని (చెరువులో కట్టిన వల సంచిలోని) పండుగప్ప చేప పిల్లల్ని తీసి, పెద్దవి ఒక తొట్టిలో, చిన్నవి ఒక తొట్టిలో వేస్తున్నాను. "అన్నీ ఒక తల్లి పిల్లలే కదా తాతయ్యా, ఎందుకు విడదీస్తున్నావు?" అంది చిట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని. మేత వేళ కావడంతో సరిగ్గా చెప్పలేకపోయాను. బస్సెక్కాక నాని కిటికీలోంచి ఇంకోటి అడిగాడు: "మరి వాటి తల్లి ఏ చెరువులో ఉంది?" బస్సు కదిలిపోయింది. రెండిటికీ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు చిట్టి ప్రశ్న. బొచ్చె, శీలావతి పిల్లలు ఒకదాన్నొకటి ముట్టుకోవు. పండుగప్ప అలా కాదు, అది పుట్టుకతోనే వేటచేప. తన పొడవులో సగానికి మించిన తోబుట్టువును కూడా అమాంతం మింగేస్తుంది. నేను మొదటిసారి వేసిన ఏడాది ఈ సంగతి వినీ లక్ష్యపెట్టలేదు. రెండు వారాలు వేరు చేయకుండా వదిలేశాను. తర్వాత హాపా ఎత్తి చూస్తే సగం పిల్లలు లేవు. వలకి చిరుగు లేదు, నీటి మీద చచ్చి తేలింది లేదు. ఎవరో రాత్రిపూట ఎత్తుకుపోయారనుకున్నాను. అంతలో ఒక పిల్ల నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి కనిపించింది. మింగినదీ ఊపిరాడక చచ్చింది, మింగబడ్డదీ చచ్చింది. ఆ రోజు నుంచి మూడు నాలుగు రోజులకోసారి గ్రేడింగ్, అంటే సైజుల వారీగా వేరు చేయడం, తప్పనివ్వను. విడదీయడం అంటే వాటిని కాపాడటమే, చిట్టీ. మూడు నాలుగు అంగుళాలు వచ్చి చెరువులో వదిలాక ఈ బెడద తగ్గుతుంది.

ఇక నాని అడిగింది. దీనికి జవాబు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మన చెరువులోనే కాదు, పక్కవాళ్ళ చెరువుల్లో వెతికినా ఆ తల్లి దొరకదు. మనం ఏడాది పెంచి, కిలో బరువు రాగానే పట్టి అమ్మేస్తాం కదా, ఆ వయసులో పండుగప్పకి తల్లయ్యే యోగం లేదు. ఈ చేప ముందు మగదిగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్ళకి తండ్రవుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, పొడవు మీటరుకి దగ్గరపడుతుండగా, దాని కడుపులోని మగ అవయవం మెల్లగా గుడ్లు పెట్టేదిగా మారిపోతుంది. అంటే ఈనాటి తల్లి ఒకప్పటి తండ్రే. ఇందులో మాయ లేదు. చిన్న చేప కడుపులో ఎన్ని గుడ్లని పడతాయి? మగ చేపగా ఉండటానికి చిన్న ఒళ్ళు చాలు, తల్లి కావడానికి మాత్రం పెద్ద కడుపు కావాలి. బాగా పెరిగిన తల్లి కడుపులో గుడ్లు కోటికి పైనే ఉంటాయి.

ఆ తల్లులు ఉండేది ఏటి మొగల దగ్గర. మన కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, హంసలదీవి దగ్గర మీరు చూశారుగా, అలాంటి చోట. పులస సముద్రంలో పెరిగి గుడ్ల కోసం గోదావరికి ఎదురీదుతుంది. పండుగప్పది దానికి సరిగ్గా ఎదురు దారి. మంచినీళ్ళలోనో, ఉప్పుటేరులోనో, మడ అడవి వేళ్ళ సందుల్లోనో పెరిగి, గుడ్ల కోసం దిగువకి, ఉప్పు నీళ్ళకి వెళుతుంది. లీటరు నీటికి 28 నుంచి 32 గ్రాముల దాకా ఉప్పు ఉన్న నీళ్ళు గుడ్లు పెట్టడానికి అనుకూలం. అమావాస్యకో పున్నమికో, సాయంత్రం దాటాక పోటు ఎక్కుతుండగా గుడ్లు వదులుతాయి. ఎందుకంటే ఆ పోటే గుడ్లనీ పిల్లల్నీ లోపలికి, మడల వైపు మోసుకొస్తుంది. మడలు నరికిన చోట ఆ పిల్లలకి దాక్కునే చోటే ఉండదు. ఈ మాట రాస్తుంటే నాకు గుండె కలుక్కుమంటుంది, ఎందుకంటే నా చిన్నప్పుడు చూసిన మడ తోపులు కొన్ని ఇప్పుడు లేవు.

మరి మనకి పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? హేచరీ నుంచి, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే కేంద్రం నుంచి. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకంపై పరిశోధించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శాస్త్రవేత్తలు 1997లో మన దేశంలో మొదటిసారి పండుగప్ప చేత తొట్టెల్లో గుడ్లు పెట్టించారు. ఏళ్ళ తరబడి పెంచిన పెద్ద తల్లికి హార్మోను సూది వేస్తే, ఒకటిన్నర రోజులో గుడ్లు వదులుతుంది. మిల్లీమీటరు కూడా లేని ఆ గుడ్లు ఒక్క రోజు తిరక్కుండానే పగిలి పిల్లలవుతాయి. మొదట రోటిఫర్లు అనే కంటికానని జీవాలు, తర్వాత ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్లాంటి జీవాలు మేతగా వేస్తారు. అయినా హేచరీలకి తల్లులు కావాలిగా. వాటికి మూలం సముద్రమే.

అందుకే మొగలో పది కిలోల చేప పడిందని వీధిలో పండగ చేసుకుంటుంటే నాకు సంతోషం కలగదు. పడింది తల్లే.

అమెరికాలో ఫ్లోరిడా తీరాన స్నూక్ అనే చేప ఉంది. పండుగప్పకి దూరపు చుట్టం, ఒకప్పుడు శాస్త్రజ్ఞులు రెండిటినీ ఒకే కుటుంబంలో లెక్కేసేవారు. పక్కన తల నుంచి తోక దాకా నల్లటి గీత ఉంటుంది. అదీ మగదిగా మొదలై ఆడది అవుతుంది, అదీ మడల్లోనే పెరుగుతుంది. అక్కడ దాన్ని పట్టి అమ్మడం 1957 నుంచే నిషేధం. సరదాకి గాలం వేసేవాళ్ళు మెక్సికో సింధుశాఖ వైపు 28 నుంచి 33 అంగుళాల మధ్య ఉన్నదాన్నే ఇంటికి తెచ్చుకోవాలి. అంతకంటే చిన్నదైతే ఇంకా ఎదగాలి కాబట్టి వదిలేయాలి. పెద్దదైతే తల్లి కాబట్టి వదిలేయాలి. 2010 జనవరిలో అక్కడ చలిగాలులు వచ్చి, వేడి నీళ్ళకి అలవాటుపడ్డ ఆ చేపలు గుట్టలుగా చచ్చిపోయాయి. అప్పుడు మెక్సికో సింధుశాఖ వైపు వాటిని ఇంటికి తెచ్చుకోవడమే ఆపేసి, 2013 ఆగస్టు చివరి దాకా మళ్ళీ తెరవలేదు. మన మొగల దగ్గర కూడా పెద్ద పండుగప్పకి ఇలాంటి కట్టుబాటు పెట్టుకోవాలని నేను పడవల వాళ్ళతో చెబుతూనే ఉన్నాను. ఇద్దరు కుర్రాళ్ళు సరేనన్నారు.

వచ్చే సెలవులకి వచ్చేటప్పుడు మంచి టార్చిలైటు ఒకటి తెచ్చుకోండి. చీకటి పడ్డాక చెరువు అంచున కూర్చుని నీళ్ళ మీదకి వేద్దాం. పండుగప్పల కళ్ళు ఎర్రగా, నిప్పు కణికల్లా మెరుస్తాయి. నాని లెక్కపెట్టాలి.

మీ తాతయ్య