యూదుల మెస్సీయ: తరగతిలో తరచూ వినిపించే అపోహలు, అసలు సంగతులు

మతాల చరిత్ర బోధించేవాళ్లకు యూదుమతం దగ్గర ఒక చిక్కు వస్తుంది. విద్యార్థులు అది తమకు ముందే తెలుసనుకుంటారు. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలకు యెషయా, దానియేలు గ్రంథాలు చిన్నప్పటి నుంచీ పరిచయమే. మిగతావాళ్లు మెస్సీయ అంటే 'కల్కి లాంటివాడన్నమాట' అని సరిపెట్టుకుంటారు. పాత నిబంధన ముగిసిన తర్వాత కూడా యూదులు ఈ విషయం మీద శతాబ్దాల తరబడి తమలో తాము పోట్లాడుకున్నారన్న సంగతి చాలామంది చెవిన పడదు. అపోహలు పుట్టేది అక్కడే.

అపోహ: మెస్సీయ అంటే దేవుడి అవతారం, అద్భుతాలు చేసేవాడు.

వాస్తవం: యూదుల లెక్కలో ఆయన తల్లిదండ్రులకు పుట్టే మామూలు మనిషి. పూర్వం ఇశ్రాయేలును ఏలిన దావీదు వంశపు రాజు. 'మెస్సీయ' అన్న హీబ్రూ మాటకు అర్థం 'అభిషిక్తుడు' అని. పాత నిబంధన కాలంలో రాజులకు, ప్రధాన యాజకులకు తలమీద నూనె పోసి అభిషేకించేవారు. యెషయా 45వ అధ్యాయం పారశీక రాజు కోరెషును కూడా అభిషిక్తుడనే అంటుంది. ఆయన యూదుడు కాడు, ఇశ్రాయేలు దేవుణ్ని ఎరిగినవాడు కూడా కాదని ఆ అధ్యాయమే చెబుతుంది.

ఈ విషయాన్ని పద్ధతిగా రాసిపెట్టినవాడు మైమోనిదీస్ (1138–1204). కొర్దోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు, ధర్మశాస్త్రవేత్త. ఆయన ధర్మసంహిత 'మిష్నే తోరా' చివరి అధ్యాయాల్లో ఒక పరీక్షలాంటిది ఉంది. దావీదు వంశంలో ఒక రాజు లేచి, తోరాను, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, అధ్యయనం చేస్తూ, జనాన్ని ఆ దారిలో నడిపిస్తూ, దేవుడి యుద్ధాలు చేస్తుంటే 'మెస్సీయ కావచ్చు' అనుకోవాలి. గెలిచి, యెరూషలేములో ఆలయాన్ని దాని పాత చోటనే కట్టి, చెల్లాచెదురైన యూదులను తిరిగి కూడగడితే అప్పుడు నిశ్చయంగా మెస్సీయే. మధ్యలో విఫలమైనా, చంపబడినా మెస్సీయ కాడు. అప్పుడు కూడా ఆయన మోసగాడైపోడు, దావీదు వంశపు మంచి రాజుల్లో ఒకడిగా మిగులుతాడు. అద్భుతాలు చూపనక్కరలేదని, చనిపోయినవారిని లేపనక్కరలేదని కూడా మైమోనిదీస్ స్పష్టంగా రాశాడు. మరో గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేసి, మెస్సీయ కూడా చనిపోతాడు, ఆ తర్వాత కొడుకు, మనవడు ఏలుతారు అన్నాడు. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో ముఖాలు చూడాలి.

అద్భుతాలు అక్కరలేదనడానికి మైమోనిదీస్ చూపిన ఉదాహరణ బార్ కొఖ్బా. హద్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 132 నుంచి 135 వరకు, రోము మీద తిరుగుబాటు నడిపినవాడు. ఆ కాలపు మహాపండితుడు రబ్బీ అకీవా 'ఇతడే రాజైన మెస్సీయ' అన్నాడు. సూచక క్రియ చూపమని ఎవరూ అడగలేదని మైమోనిదీస్ రాశాడు. పక్కనే ఉన్న యోహానాన్ బెన్ తోర్తా మాత్రం ఒప్పుకోలేదు: 'అకీవా, నీ దవడల మీద గడ్డి మొలుస్తుంది, అప్పటికీ దావీదు కుమారుడు రాడు.' ఇంత పెద్ద గురువును ఇలా ఎద్దేవా చేసిన మాటను యూదు పండితుల చర్చల సంపుటి అయిన తల్మూదు దాచకుండా భద్రపరిచింది. నాకు ఈ మతంలో బాగా నచ్చే గుణం ఇదే.

యూదయ ఎడారి గుహల్లో 1960లో బార్ కొఖ్బా ఉత్తరాలు దొరికాయి. తవ్వకాలకు నాయకుడు యిగాయెల్ యాదిన్. ఒక ఉత్తరంలో బార్ కొఖ్బా రెండు గాడిదలను పంపుతూ, పర్ణశాలల పండుగ కోసం దండుకు ఖర్జూరపు మట్టలు, మాదీఫలాలు, గొంజి, నిరవంజి కొమ్మలు సమకూర్చమని పురమాయిస్తాడు. యుద్ధం నడుస్తుండగా పండుగ సామాను గురించి హడావిడి పడుతున్న మనిషి అందులో కనిపిస్తాడు. దివ్యపురుషుడి జాడ కోసం వెతికేవారికి అక్కడ ఏమీ దొరకదు.

అపోహ: యూదులు యేసును ఒప్పుకోకపోవడానికి కారణం మొండితనం.

వాస్తవం: కొలమానమే వేరు. పైన చెప్పిన జాబితాను మళ్లీ చూడండి: దేవుడి యుద్ధాల్లో గెలుపు, ఆలయం, చెదిరినవారు తిరిగి రావడం. ఈ పనులు పూర్తి కావాలని యూదుమతం అడుగుతుంది. అవి యేసు మళ్లీ వచ్చినప్పుడు, అంటే రెండవ రాకడలో, నెరవేరుతాయని క్రైస్తవం చెబుతుంది. మెస్సీయ రెండుసార్లు వస్తాడన్న భావన యూదుల జాబితాలో లేదు. ఎవరి కొలమానం సరైనదో తేల్చడం నా పాఠంలో భాగం కాదు. ఎవరు దేనితో కొలుస్తున్నారో తెలియకుండా తిట్టుకోవడం మాత్రం తగదు.

అపోహ: మెస్సీయ ఎప్పుడు వస్తాడో యూదుల దగ్గర రహస్య లెక్క ఉంది.

వాస్తవం: లెక్కలు కట్టేవారి ఎముకలు కుళ్లిపోవాలని తల్మూదు శపిస్తుంది. అలాగని ఎవరూ లెక్క కట్టలేదా అంటే, కట్టారు. మైమోనిదీస్ అంతటివాడు లెక్కలు వద్దని వారించి కూడా, యెమెను యూదులకు రాసిన లేఖలో తమ ఇంట్లో పరంపరగా వస్తున్న ఒక లెక్కను ప్రస్తావించాడు. ఆశకు ఎంతటి పండితుడైనా లొంగుతాడు.

ఆ ఆశ ఎంత దూరం తీసుకుపోగలదో 1665–66లో తెలిసింది. స్మిర్నాలో పుట్టిన సబ్బతై జెవిని గాజాకు చెందిన నాతాన్ మెస్సీయగా ప్రకటించాడు. యెమెను నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా యూదులు ఉపవాసాలు చేశారు, ఆస్తులు అమ్ముకున్నారు, ప్రయాణానికి సిద్ధమయ్యారు. జర్మనీలో ఉన్న గ్లికెల్ అనే వ్యాపారి కుటుంబపు స్త్రీ తన జ్ఞాపకాల్లో మామగారి సంగతి రాసింది. ఆయన హామెల్న్‌లోని ఇల్లూ వాకిలీ విడిచి వెళ్లి, హాంబర్గ్‌లో ఉన్న కోడలి ఇంటికి పెద్ద పీపాలు పంపాడు. వాటి నిండా బట్టలు, బఠాణీలు, చిక్కుళ్లు, ఎండు మాంసం. ఓడ ఎక్కమని కబురు రావడమే తరువాయి. ఏడాది దాటింది. మాంసం చెడి బట్టలు పాడవుతాయని భయపడి, తిండి సామాను బయటికి తీసేయమని రాశారు. పీపాలు మాత్రం మూడేళ్లు అలాగే ఉన్నాయి.

ఈలోగా 1666 సెప్టెంబరులో సబ్బతైని ఒట్టోమన్ సుల్తాను ఎదుట నిలబెట్టారు. ప్రాణమా, ఇస్లామా అన్నారు. ఆయన తలపాగా చుట్టుకున్నాడు. అయినా నమ్మకం పూర్తిగా చావలేదు. ఆయన వెంట మతం మారి, లోలోపల ఆయననే మెస్సీయగా కొలిచినవారు సలోనికాలో తరాల పాటు కొనసాగారు. 'మధ్యలో విఫలమైతే ఆయన కాడు' అన్న మైమోనిదీస్ నియమం కాగితం మీద ఎంత సులువో, మనసులో అంత కష్టం. 1994లో, హసీదులనే ఆచారనిష్ఠ గల యూదుల్లో ఒక శాఖకు గురువైన లుబావిచ్ రబ్బీ మెనాహెం మెండెల్ ష్నీర్సన్ మరణించాక కూడా ఆయనే మెస్సీయ అన్న అనుచరులు కొందరున్నారు. మిగతా యూదు పండితుల్లో చాలామందికి ఇది మింగుడుపడని విషయం.

రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయి పేరున ఉన్న సలహా మాత్రం నాకు ఎప్పుడూ తాజాగానే అనిపిస్తుంది. చేతిలో మొక్క ఉండగా 'అదిగో మెస్సీయ వచ్చాడు' అని ఎవరైనా అంటే, ముందు మొక్క నాటి, ఆ తర్వాత ఎదురెళ్లమన్నాడు.

అపోహ: రాబోయే యుగం అంటే స్వర్గం.

వాస్తవం: మెస్సీయ దినాలు, మృతుల పునరుత్థానం, రాబోయే లోకం అన్నవి మూడు వేర్వేరు అంశాలు. వాటి వరుస మీద, సంబంధం మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. మొదటిది మాత్రం ఈ నేలమీదే. అన్యరాజ్యాల దాస్యం పోవడం తప్ప ఈ కాలానికీ మెస్సీయ దినాలకూ తేడా లేదని తల్మూదులో షమూయేలు అనే పండితుడు తేల్చేశాడు. తోడేలు గొర్రెపిల్లతో నివసిస్తుందన్న యెషయా మాట కూడా జాతుల మధ్య శాంతిని గురించిన ఉపమానమేనని మైమోనిదీస్ అన్నాడు. జ్ఞానులు ఆ కాలాన్ని కోరుకున్నది లోకాన్ని ఏలడానికి కాదు, తిని తాగి సంబరపడడానికీ కాదు, ఆటంకం లేకుండా తోరా చదువుకోవడానికట. అక్షరంపట్ల ఇంత పేరాశ ఇంకెక్కడా చూడలేదు!

అపోహ: అప్పుడు అందరూ యూదులుగా మారాలి.

వాస్తవం: అక్కరలేదు. జలప్రళయం దాటిన నోవహు సంతతికి ఇచ్చిన ఏడు ఆజ్ఞలను పాటించే అన్యులకూ రాబోయే లోకంలో భాగం ఉందన్నదే స్థిరపడిన మాట.

అపోహ: యూదులందరూ ఇదే నమ్ముతారు, ఇశ్రాయేలు దేశం పుట్టింది అందుకే.

వాస్తవం: రెండూ తప్పే. అమెరికా సంస్కరణవాద రబ్బీలు 1885లో పిట్స్‌బర్గ్‌లో, తాము పాలస్తీనాకు తిరిగి వెళ్లాలని ఆశించడం లేదని, సత్యం, న్యాయం, శాంతి నిండిన యుగాన్నే ఆశిస్తున్నామని ప్రకటించారు. ఒక వ్యక్తి స్థానంలో ఒక యుగం వచ్చింది. యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమానికి, అంటే జియోనిజానికి, రూపమిచ్చిన హెర్జెల్ మతనిష్ఠ ఉన్నవాడు కాడు. రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్ అదే ఉద్యమంలో విమోచన తొలి అడుగులు చూశాడు. హసీదుల్లోనే మరో శాఖ అయిన సత్మార్ వారు దీనికి పూర్తి విరుద్ధం. మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం దైవాజ్ఞను ధిక్కరించడమేనని వారి వాదం.

ఇక చివరిది, మన ఊళ్ల దాకా వచ్చిన ప్రశ్న. పురాతన ఇశ్రాయేలు నుంచి చెదిరిపోయిన పది గోత్రాలు తిరిగి వస్తాయా? తల్మూదుకు మూలమైన మిష్నాలో అకీవా రావంటాడు, రబ్బీ ఎలియెజెర్ వస్తాయంటాడు. మణిపూర్, మిజోరంలలోని బ్నై మెనాషే వారిని ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు 2005లో పోయిన గోత్రపు సంతతిగా గుర్తించారు. అయినా ఇశ్రాయేలులో స్థిరపడేందుకు వారు శాస్త్రోక్తంగా మతస్వీకారం చేయవలసిందే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయీము గోత్రమని చెప్పే తెలుగువారున్నారు. సబ్బాతు పాటిస్తారు, సమాజమందిరం కట్టుకున్నారు. వారికి అలాంటి గుర్తింపు దక్కలేదు. ఎవరిది ఏ గోత్రమో మెస్సీయే వచ్చి తేలుస్తాడని మైమోనిదీస్ రాశాడు. ఈలోపు ఆ పని రబ్బీల కచేరీలు, వీసా అధికారులు చేస్తున్నారు.