నాలుగాకులు ఎక్కువ చదవడం

చిరంజీవులు మనవడికి, మనవరాలికి ఆశీస్సులు.

“వాడికంటే నేను నాలుగాకులు ఎక్కువే చదివాను” అని మీ నాన్న అంటే, ఆకులు చదవడమేమిటని ఇద్దరూ పడీ పడీ నవ్వారట. వాడు అన్నమాట సరైనదే.

కాగితం వాడుకలోకి రాకముందు మన దగ్గర పుస్తకమంటే తాటాకుల కట్ట. ఆకు కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది ఒకే కొలతకు కత్తిరించేవారు. రాసేది సిరాతో కాదు, గంటంతో. ఆ ఇనుప మొనతో గీకిన అక్షరాలు మొదట కంటికి ఆనవు. దీపపు మసిని నూనెలో కలిపి పూసి తుడిచేస్తే, గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలతాయి. ఆకులకు చిల్లు పెట్టి తాడు గుచ్చి, పైనా కిందా చెక్క బద్దలు పెట్టి కట్టేస్తే పుస్తకం తయారు. అలాంటి తెలుగు గ్రంథాలు తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. రెండు వైపులా రాస్తారు కనుక నాలుగాకులంటే ఎనిమిది పుటలు. గొప్పలు చెప్పుకోవడానికి మీ నాన్నకు ఆ మాత్రం చాలు.

తాటాకుకే కమ్మ అని ఇంకో పేరు. పాత తెలుగులో కమ్మ అంటే ఉత్తరం కూడా. అమ్మ చెవులకున్న కమ్మలూ అవే! ఒకప్పుడు తాటాకును చుట్టగా చుట్టి చెవితమ్మెకు పెట్టుకునేవారు. బంగారం వచ్చాక ఆకు పోయి పేరు మిగిలింది. సంస్కృతంలో పత్రమన్నా ఆకే. పొద్దున్నే ఇంటికొచ్చే పత్రిక ఆ ఇంటి పిల్లే.

ఆకు అన్నమాటకు దగ్గరి చుట్టాలు గోండి, కువి వంటి భాషల్లో ఉన్నాయి. తమిళులు ఇలై అంటారు, కన్నడిగులు ఎలె అంటారు. ఆకూ వక్కా అంటే మాత్రం అది తమలపాకే, మరో ఆకు కాదు. ఎడ్లబండి చక్రంలో నడిమి కుండకూ అంచుకూ మధ్య ఉండే కర్రలను కూడా ఆకులనే అంటారు.

సంక్రాంతికి రండి, తాటాకులు కోయించి ఉంచుతాను. గంటం అటక మీద ఉంది. మీ పేర్లు మీరే రాద్దురుగాని. నార వెంబడి గీత గట్టిగా లాగితే ఆకు చీలుతుంది, చేతిని గుండ్రంగా తిప్పాలి. మన అక్షరాలకు ఆ గుండ్రని రూపం అందుకే వచ్చిందంటారు.

మీ తాతయ్య