పదివేల కోట్లలో మీ ల్యాబ్‌కి ఎంతొచ్చింది? ఏఐ పరిశోధన నిధులపై అపోహలు - వాస్తవాలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయ్ అడిగాడు: "ఏరా, ఏఐకి గవర్నమెంటు పదివేల కోట్లు ఇచ్చిందంట కదా, మీ ల్యాబ్‌కి ఎంతొచ్చింది?" నవ్వి ఊరుకున్నాను. అప్పటికి మా ల్యాబ్‌లో ఇద్దరు పిల్లలకి రెండు నెలల స్టైపెండ్ బాకీ ఉంది. చెప్పినా నమ్మడు.

తెలుగు మాటను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం నా పని. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో చాలా ఏళ్లుగా సర్కారు ప్రాజెక్టుల మీదే ఈ పని చేస్తున్నాను. బాబాయ్ లాంటి ప్రశ్నలు కాలేజీ పిల్లలూ అడుగుతారు, సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్సూ అడుగుతారు. కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ప్రకటించారంటే డబ్బు వచ్చినట్టే.

2024 మార్చి 7న కేంద్ర కేబినెట్ ఇండియా ఏఐ మిషన్‌కు ఆమోదం తెలిపింది. మొత్తం 10,371.92 కోట్ల రూపాయలు. ఇది ఐదేళ్ల లెక్క. ఏ ఏటికి ఆ ఏడు బడ్జెట్‌లో విడిగా కేటాయించాలి, దాన్నీ ఏడాది మధ్యలో సవరిస్తారు. 2024-25కి మొదట 551.75 కోట్లు రాసుకున్నారు, సవరించిన అంచనాల్లో అది 173 కోట్లయింది. ఇందులో కుట్రేమీ లేదు. కొత్త పథకమంటే టెండర్లు పిలవాలి, కమిటీలు కూర్చోవాలి, మొదటి ఏడాది డబ్బు ఖర్చు కాదు. కానీ పేపర్లో హెడ్డింగు చదివినవాళ్లకి 173 కనిపించదు, పదివేలే గుర్తుంటుంది.

ఆ పదివేలలో కూడా పెద్ద ముక్క, దాదాపు 4,560 కోట్లు, కంప్యూటింగ్‌కి. అంటే ఏఐని నడిపే జీపీయూ చిప్‌లకి. వాటిని ప్రభుత్వం కొని యూనివర్సిటీలకు పంచడం లేదు. ప్రైవేటు సంస్థల డేటా సెంటర్లలో ఉన్నవాటిని స్టార్టప్‌లకీ పరిశోధకులకీ తక్కువ అద్దెకు ఇప్పించి, ఖర్చులో 40 శాతం వరకు తాను భరిస్తోంది. గంటకి సుమారు 65 రూపాయలకే జీపీయూ దొరకడం నిజంగా మంచి సంగతి, కాదనను. మాలాంటి ల్యాబులు బయట క్లౌడ్‌లో అంతకు కొన్ని రెట్లు పోసేవి.

దేశంలో పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ సంగతీ ఇలాంటిదే. 2023 చట్టంతో వచ్చింది, అంతకుముందు గ్రాంట్లు ఇచ్చే ఎస్‌ఈఆర్‌బీ ఇందులో కలిసిపోయింది. ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లు. మిగతా 36,000 కోట్లు ప్రైవేటు రంగం, దాతలు, ఇతర వనరుల నుంచి రావాలి. మన దేశంలో మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం, అందులో ప్రైవేటు వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఇన్నాళ్లూ పెద్దగా డబ్బు పెట్టని కంపెనీలు ఇప్పుడు పెడతాయా? నాకైతే అనుమానమే.

అపోహ: లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) స్కీమ్ ప్రొఫెసర్లకు పండగ.

కాదు. 2025 జులైలో ఆమోదించిన ఆ నిధి ప్రధానంగా ప్రైవేటు రంగానికి, అదీ తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక అప్పులు, పెట్టుబడుల రూపంలో. కాగితం మీద ఉన్న ఐడియాకి రాదు, ప్రయోగశాల దాటి కొంత దూరం వచ్చిన టెక్నాలజీకే. మా గ్రాంట్లతో దానికి సంబంధం లేదు.

అపోహ: ఏఐ అంతా కంపెనీలు కనిపెట్టిందే, సర్కారుకేం పని?

ఇది అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది. దీనికి జవాబు చిత్తూరు జిల్లా కాటూరులో మొదలవుతుంది. అక్కడ 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికా వెళ్లి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మనిషి మాటను కంప్యూటర్‌కి నేర్పే పని చేశారు. ఆ పనికి 1970లలో డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ డార్పా. ఐదేళ్ల కార్యక్రమం, 1971 నుంచి 1976 దాకా. ఆఖరికి ఆయన బృందం చేసిన హార్పీ అనే వ్యవస్థ గుర్తుపట్టిన మాటలు వెయ్యికి కాస్త పైన. ఇప్పటి లెక్కలో అది నవ్వులాట. అప్పట్లో ఏ కంపెనీ దాని మీద రూపాయి లాభం చూడగలిగేది? కానీ ఇవాళ ఫోన్‌లో మాట్లాడి మెసేజ్ పంపుతున్నామంటే దాని వేళ్లలో కొన్ని అక్కడున్నాయి. రాజ్ రెడ్డి గారికి 1994లో కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. గూగుల్ సెర్చ్ కూడా స్టాన్‌ఫర్డ్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ నిధులిచ్చిన డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టు నీడలో పుట్టిందే.

మన దగ్గర కూడా ఉంది ఈ కథ. 1986లోనే కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌డీపీ సాయంతో ఏఐ కార్యక్రమం మొదలుపెట్టింది. 1990ల మొదట్లో భారతీయ భాషల టెక్నాలజీ కోసం టీడీఐఎల్ అనే సర్కారు కార్యక్రమం వచ్చింది. అనుసారక అనే అనువాద వ్యవస్థ ఐఐటీ కాన్పూర్‌లో మొదలై హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చింది, తెలుగు నుంచి హిందీకీ పనిచేసింది. పాణిని వ్యాకరణ పద్ధతిని కంప్యూటర్‌లోకి దింపిన పని అది. తర్వాత ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ముందుండి నడిపిన సంపర్క్ అనే అనువాద వ్యవస్థ వచ్చింది. ఈ మధ్య 2022లో కేంద్రం తెచ్చిన భాషా అనువాద వేదిక భాషిణి. మధ్యలో ఎన్నో ఏళ్లు ఇదంతా ఎవరికీ పట్టలేదు. పట్టని ఆ ఏళ్లలో తయారైన మనుషులే ఇవాళ కంపెనీల్లో తెలుగు మోడళ్లు చేస్తున్నారు.

అపోహ: ప్రాజెక్టు శాంక్షన్ అయితే సారు పంట పండినట్టే.

మా మామయ్య ఇప్పటికీ ఇదే అనుకుంటాడు. ప్రాజెక్టు డబ్బు నా ఖాతాలోకి రాదు. సంస్థ ఖాతాలోకి, ఇది మనుషులకి, ఇది సామానుకి, ఇది ప్రయాణాలకి అని పద్దులవారీగా విడగొట్టి వస్తుంది. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకి మార్చాలంటే లెటర్లు రాయాలి. ప్రాజెక్టులో పరిశోధన చేసే పిల్లలకిచ్చే జేఆర్‌ఎఫ్ స్టైపెండ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, దానికి తోడు ఇంటి అద్దె భత్యం. అదే బీటెక్ అయిన కుర్రాడికి హైటెక్ సిటీలో ఎంతొస్తుందో మీకే తెలుసు.

అసలు టెన్షన్ ఎంత డబ్బు అన్నది కాదు, ఎప్పుడు వస్తుందన్నది. ఒకసారి ఒక ప్రాజెక్టులో రెండో విడత ఫిబ్రవరి నెలాఖరుకి వచ్చింది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టి యూసీ, అంటే వినియోగ పత్రం, ఇవ్వాలి. లేకపోతే మిగిలింది వెనక్కి. ఏడాది పొడుగునా జీతం లేక ఒక అమ్మాయి మానేసి వెళ్లిపోయింది, ఆఖరి నెలలో మాత్రం మాకు అక్కర్లేని హార్డ్ డిస్కులు కొన్నాం. సర్కారు ప్రాజెక్టు చేసిన వాళ్లెవరిని కదిపినా ఇలాంటి మార్చి కథ ఒకటి చెప్తారు. కొంత మారింది కూడా: 2025లో కొనుగోలు నిబంధనలు సడలించారు, పరిశోధన సామాను సర్కారు ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో కాకుండా బయట కొనే అధికారం డైరెక్టర్లకూ వీసీలకూ ఇచ్చారు, కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలైంది. పెద్ద విషయంలా కనిపించదు గానీ, మాకు ఇది కొత్త మిషన్ ప్రకటనకన్నా ఎక్కువ.

అపోహ: జీపీయూలు వచ్చేస్తే తెలుగు ఏఐ వచ్చేస్తుంది.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది మన పద్ధతి. మా పనిలో అంకుశం అంటే డేటా, దాన్ని తయారుచేసే మనుషులు. అనంతపురం వైపు "వస్తాండా" అంటారు, కరీంనగర్ వైపు "అస్తున్న" అంటారు, టీవీలో "వస్తున్నాను" అంటారు. యంత్రానికి ఇవి మూడూ ఒకటే అని ఎవరో చెప్పాలి. "రాకపోయేసరికి" అన్న ఒక్క మాటని ఎక్కడెక్కడ విరగ్గొట్టాలో వ్యాకరణం తెలిసినవాళ్లు కూర్చుని చూడాలి. మా దగ్గర ఒక గంట ఆడియోని రాసి సరిచూడటానికి ఐదారు గంటలు పడుతుంది. ఆ పని చేసే ఎంఏ తెలుగు పిల్లలకి గంటల లెక్కన ఇచ్చేది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది, ఎందుకంటే ప్రపోజల్‌లో ఆ పద్దుకి రాసిందే తక్కువ. మిషన్‌తో వాళ్లకి కలిసొచ్చేదేం లేదు.

నన్నడిగితే రాబోయే పదేళ్లలో డబ్బు మూడు చోట్లకి వెళ్లాలి. ఒకటి, జిల్లా జిల్లా మాటల రికార్డింగులు, ఎవరైనా వాడుకునేలా. రెండు, తెలుగులో మోడల్ ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే పరీక్షలు. ఇంగ్లిష్ ప్రశ్నల్ని తెలుగులోకి మార్చి పెట్టే పరీక్షలు కాదు, ఇక్కడి రైతు, ఇక్కడి ఏఎన్‌ఎం అడిగే ప్రశ్నలతో చేసినవి. మూడు, ఫోన్‌లోనే నడిచే చిన్న మోడళ్లు, సిగ్నల్ లేని ఊళ్ల కోసం. చాట్‌జీపీటీకి పోటీ చెయ్యాలన్న ఆరాటం నాకు అంతగా ఎక్కదు, ఈ మాటకి నా తోటివాళ్లలోనే చాలామంది ఒప్పుకోరు.

బాబాయ్‌కి మొన్న ఫోన్ చేశాను. స్టైపెండ్ బాకీ ఒక నెలది వచ్చింది, ఇంకో నెలది ఉంది. ఈ వారం ఆదిలాబాద్ వైపు నుంచి 40 గంటల రికార్డింగులొచ్చాయి, వాటిని రాయడానికి నలుగురు పిల్లలు కావాలి.