కూర్చుంటే పడమా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి, బ్యాలెన్స్ స్కూటర్‌కి (పక్కపక్కన రెండు చక్రాలతో, నిలబడి నడిపే మీ బండికి) సీటు బిగించుకుంటాం అని రాశారు. బాగానే ఉంది. కానీ చివర్లో "కూర్చుంటే పడం కదా తాతయ్యా" అన్నారే, అక్కడే నాకు పేచీ.

ముందు ఒక పొడుగు కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టండి. అది ఎటు ఒరిగితే చెయ్యి అటు జరుపుతుంటే నిలుస్తుంది. మీ స్కూటర్ చేసే పనీ అదే. ఎంత ఒరిగిందో లోపలి గైరోస్కోప్ కనిపెడుతుంటుంది, మోటార్లు చక్రాల్ని అటే పరిగెత్తిస్తాయి. విడిగా బ్రేకు ఉండదు. ఆగాలంటే వెనక్కి ఒరగాలి. ఇప్పుడు కర్ర పక్కనపెట్టి పెన్సిల్ నిలబెట్టండి. నిలవదు! పొట్టిది తొందరగా ఒరిగిపోతుంది, చెయ్యి అందుకోలేదు. కూర్చుంటే మీ బరువు కిందికి దిగుతుంది. నిలబడ్డ మనిషి కోసం తయారైన యంత్రానికి మీరు పొట్టి కర్ర అయిపోతారన్నమాట. కిందికి ఉంటే కుదురుగా ఉంటుందనేది నాలుగు కాళ్ల పీట సంగతి. పక్కపక్కన రెండే చక్రాలున్న బండికి ఆ లెక్క కుదరదు.

ఇక కాళ్లు. నిలబడి ఉంటే గుంతలో పడ్డప్పుడు మోకాళ్లు వంగి కుదుపును మింగేస్తాయి. బండి మొరాయిస్తే చటుక్కున దిగి, రెండడుగులు పరిగెత్తి నిలదొక్కుకోవచ్చు. సీటు మీద ఆ రెండూ పోతాయి. కుదుపు తిన్నగా వెన్నుకు తగులుతుంది. ముందుకు పడితే చేతులు ఆనించడానికి కూడా టైం ఉండదు.

మొరాయించడం నా ఊహ కాదు. ఈ బళ్లన్నిటికీ పెద్దన్న లాంటిది సెగ్‌వే, 2001లో లోకానికి చూపించారు. చార్జింగ్ అడుగంటినప్పుడు మోటారుకి శక్తి చాలక మనుషులు పడిపోతున్నారని 2003లో దాదాపు 6,000 బళ్లను వెనక్కి పిలిచారు. చక్రాలు ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతున్నాయని 2006లో ఇంకో 23,500. అవన్నీ నిలబడి నడిపే బళ్లే!

హోవర్‌బోర్డుకి (పట్టుకునే హ్యాండిల్ లేని బ్యాలెన్స్ స్కూటర్‌కి) తగిలించే కార్ట్, అంటే సీటున్న చట్రం, వేరే రకం. ముందు ఒక చిన్న చక్రం ఉంటుంది కాబట్టి బోర్లా పడే భయం తక్కువ. దాని తిప్పలు దానివి. పాదాలు పెట్టే పలకల్ని అక్కడ చేతి లివర్లు వంచుతాయి. కార్ట్‌ని బోర్డుకి కట్టే పట్టీ ఒకవైపు జారిందా, ఆ చక్రం మీ మాట వినదు, బండి పక్కకి గిర్రున తిరుగుతుంది. పట్టీ మరీ బిగిస్తే పలక కింది మీట నొక్కుకుపోయి, మీరు దిగినా పైన మనిషి ఉన్నాడనే అనుకోవచ్చు. పైగా అంత కింద కూర్చున్నవాళ్లు, వెనక్కి వస్తున్న కారు డ్రైవరుకి అస్సలు కనబడరు. నాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. పొడుగు జుట్టు ముడి వేసుకోమని అక్కకి చెప్పండి, చక్రాలు చేతికందేంత దగ్గర.

బ్యాటరీ మంటల సంగతి (2016లో అమెరికాలో 5 లక్షల పైచిలుకు హోవర్‌బోర్డుల్ని వెనక్కి పిలిచారు) నాన్నతో విడిగా మాట్లాడతాను. ఈలోగా సీటు కోసమని బోర్డుకి డ్రిల్‌తో కన్నాలు మాత్రం వేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది.

మీరు పంపిన ఫొటోలో ముందు చక్రం ఉందో లేదో తెలియడం లేదు. పక్క నుంచి ఇంకోటి తీసి పంపండి. చూసి చెప్తాను.

మీ తాతయ్య