జోన్స్ గారి రీళ్ళు

చిన్నూ, బుజ్జీ,

ఫోన్లు లేని రోజుల్లో ఇంట్లోవాళ్ళు వీడియోలు తీసుకునేవాళ్ళా తాతయ్యా అని అడిగారుగా. తీసుకునేవాళ్ళురా, కాకపోతే డబ్బున్నవాళ్ళు. సినిమావాళ్ళ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది, 1923లో కొడాక్ వాళ్ళు అలా అంటుకోని 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చారు, దాంతో ఇళ్ళల్లోకి కెమెరా వచ్చింది. కెమెరా, ప్రొజెక్టర్, స్టాండు, తెర అన్నీ కలిపి 335 డాలర్లు, ఫోర్డ్ కారే అంతకన్నా చవగ్గా వచ్చేది ఆ రోజుల్లో! 100 అడుగుల రీలు నాలుగు నిమిషాల్లో ఐపోతుంది, సౌండ్ లేదు, కలర్ లేదు. పైగా కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి ప్రొజెక్టర్‌లో వేసేవాళ్ళు, నెగెటివ్ అంటూ విడిగా ఉండదు, దానిమీద గీత పడిందా ఇక అంతే సంగతులు.

చాలామంది పిల్లల పుట్టినరోజులు, బీచ్ ట్రిప్పులు తీసుకున్నారు, అవి సరే. నాకు నచ్చింది మాత్రం అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో ఉండే సాలమన్ సర్ జోన్స్ గారు. ఆయన నల్లజాతి పాస్టర్, వ్యాపారం కూడా ఉండేది. 1924 నుంచి 1928 దాకా తనవాళ్ళ జీవితం తీస్తూనే ఉన్నాడు, మొత్తం 29 రీళ్ళు, 355 నిమిషాలు. నదిలో బాప్తిస్మాలు, స్కూళ్ళు, అంత్యక్రియలు, ఆటల పోటీలు, ఇంటి ముందు నిలబడ్డ కుటుంబాలు, సొంత ఆయిల్ బావుల దగ్గర నల్లజాతి ఓనర్లు... అప్పటి హాలీవుడ్ సినిమాల్లో వీళ్ళంటే నౌకర్లో జోకర్లో, ఒక్కోసారి అది కూడా తెల్లవాళ్ళే మొహానికి నల్లరంగు పూసుకుని చేసేవాళ్ళు, నాకు ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే.

ఇంకోటి, 1921లో అదే ఓక్లహోమాలో టల్సా ఊళ్ళో తెల్లవాళ్ళ గుంపు గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి పేటని దాదాపు 35 బ్లాకులు తగలబెట్టింది. కొన్నేళ్ళకే జోన్స్ గారు అక్కడ కెమెరా పెడితే, అదే పేటలో మళ్ళీ షాపులు, జనం. మేం కాలిపోయి కూడా మళ్ళీ కట్టుకున్నాం అని ఎవరైనా నోటితో చెప్తే నమ్మనివాళ్ళుంటారు, ఇది చూశాక కాదనలేరు కదా.

2016లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే కాపాడుకోవాల్సిన సినిమాల జాబితాలో, ఈ రీళ్ళని చేర్చారు. యేల్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు, ఫ్రీయే. జూన్‌టీన్త్ అని, 1865లో టెక్సస్‌లో బానిసలకి విడుదల కబురు అందిన రోజు, ఆ పండగ కూడా వాటిల్లో ఉంది, ముందు అది వెతికి చూడండి. ఫాస్ట్ ఫార్వర్డ్ చేయొద్దురా బాబూ!

మీ తాతయ్య