అనుబంధ ప్రాంగణానికి స్థలం ఎంపిక: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయం పక్క జిల్లాలో పీజీ కేంద్రం పెడుతోందన్న వార్త రాగానే చర్చంతా ఎకరాల చుట్టూనే తిరుగుతుంది. స్థల పరిశీలన సంఘాల్లో పనిచేసే మాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ప్రభుత్వ భూమి అయితే చిక్కులు లేవు, ఖర్చూ లేదు.

వాస్తవం: రికార్డులో ‘ప్రభుత్వ’ అన్న ఒక్క మాట చాలదు. ఆ సర్వే నంబరు మేత పోరంబోకా (ఊరి పశువులకు వదిలిన భూమి), చెరువు శిఖమా (చెరువు నీరు నిలిచే నేల), శ్మశానమా, లేక ఎప్పుడో పేదలకు డి-పట్టాలిచ్చిన అసైన్డ్ భూమా అన్నది ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత సర్వే రిజిస్టరులోనూ, భూమి, సాగు వివరాలుండే అడంగల్‌లోనూ సరిచూసుకుని, ఆపైన సర్వేయర్‌తో కలిసి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటాల పుస్తకం) పట్టుకుని గట్ల వెంట నడవాలి. కాగితం మీద ఖాళీగా ఉన్న చోట కాపుకొచ్చిన జీడితోట ఉండవచ్చు. ఊరుమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది కనుక, మేత భూమిని విద్యాసంస్థకు ఇచ్చినా వివాదం కోర్టుకెక్కే అవకాశం ఉంది. శిఖం భూమి సంగతి మరీ మోసం: వేసవిలో బల్లపరుపుగా కనిపించి చూడవచ్చిన పెద్దలందరినీ మురిపించేది అదే. చెరువు అలుగు ఎటు పారుతుందో, వాగు మీది కల్వర్టు గోడపై నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడాలి. అందుకే స్థలాన్ని ఒకసారి ఎండల్లోనూ, మరోసారి తుపాను వెళ్లిన వారంలోనూ చూడమంటాను.

అపోహ: నాలుగు బోర్లు వేస్తే నీళ్లకు లోటుండదు.

వాస్తవం: హాస్టల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క. వెయ్యి మందికి అది 1,35,000 లీటర్లు, అంటే బోర్లు ఎండిన రోజున 5,000 లీటర్ల ట్యాంకర్లు 27 రావాలి.

అపోహ: నేల ఎలాంటిదైనా ఇంజినీర్లు చూసుకుంటారు.

వాస్తవం: డబ్బిస్తే చూసుకుంటారు. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, ఉచితంగా వచ్చిన భూమిలో మిగిలిందనుకున్నది పునాదుల్లోకి పోతుంది.

అపోహ: ఊరికి దూరమైతే చదువు ప్రశాంతంగా సాగుతుంది.

వాస్తవం: నూజివీడు, బాసర ట్రిపుల్ ఐటీల్లా అందరూ హాస్టల్లోనే ఉండే సంస్థలకు ఈ మాట కొంత చెల్లుతుంది. పీజీ కేంద్రాలకు ఇంటి నుంచి వచ్చి వెళ్లేవారు ఎక్కువ. సాయంత్రం ల్యాబ్ ముగిశాక గేటు ముందు బస్సు ఆగకపోతే, ముందుగా మానేసేది ఆడపిల్లలే. పిల్లల బడి కోసం పట్టణంలో కాపురముండే అధ్యాపకులకూ అదే ఇబ్బంది. ఇంతా చేసి, సంఘం సమావేశాలకు తహసీల్దారును పిలుస్తారు గానీ ఆర్టీసీ డిపో మేనేజరును పిలవరు.

అపోహ: ఉపకేంద్రమే కదా, కొద్దిపాటి స్థలం చాలు.

వాస్తవం: మన పీజీ కేంద్రాల చరిత్ర వేరే చెబుతోంది. వరంగల్‌లోని ఉస్మానియా కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. అదే ఏడాది గుంటూరులోని ఆంధ్రా విశ్వవిద్యాలయ కేంద్రం నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. అనంతపురంలోని వేంకటేశ్వర కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా, ఎచ్చెర్లలోని ఆంధ్రా కేంద్రం 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయంగా మారాయి. కాబట్టి హద్దుల అవతల ఏముందో కూడా చూడాలి. ఒకవైపు రైలు కట్ట, మరోవైపు చెరువు, మూడోవైపు లేఅవుట్ ఉన్న 30 ఎకరాలకన్నా, ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూమిని కలెక్టరు ముందే విశ్వవిద్యాలయం పేర కేటాయించి ఉంచే 15 ఎకరాలకే నా మొగ్గు.